వెనక సీటు

మొదటి వారం సాల్మన్ పక్కనే కూర్చున్నాను.
రావులపాలెం బస్టాండులో ఏడూ నలభై బస్సు,
కుడివైపు మూడో సీటు,
టికెట్టు చొక్కా జేబులో, చిల్లర పాంటు జేబులో.
అవి తారుమారైతే వాడికి ఆ పూటంతా తారుమారే.

రెండో వారం వాడి వెనక సీటు.
మూడో వారం కండక్టరు పక్కన, మొహం తిప్పుకుని,
ఎవరో తెలియనిదానిలా.
నాలుగో వారం బస్సు వెనకాల స్కూటీ మీద,
గౌతమి వంతెన గాలికి చున్నీ ఎగిరిపోతుంటే
పళ్ళతో పట్టుకుని
వెనకద్దంలో వాడి తల వెతుక్కుంటూ.
పిల్లలకి దగ్గరవడం ట్రైనింగులో నేర్పారు.
దూరమవడం ఎవరూ నేర్పలేదు.

మా బడిలో పద్దెనిమిదేళ్ళు నిండితే
రిజిస్టర్లో ఎర్రసిరా గీత.
ఆ తర్వాత ఎక్కడికెళ్తారో రాయడానికి
ఏ ఫారంలోనూ గడి లేదు.
నాకు తెలుసు ఎక్కడికెళ్తారో.
చెముడులంకలో హైమావతి ఆరేళ్ళుగా అరుగు మీదే ఉంది,
మా దగ్గర పూసలతో నేర్చిన లెక్క
చింతగింజలకి చెప్పుకుంటూ.

కడియపులంక నర్సరీ బుల్లబ్బాయి గారు
మంచివారే. కాఫీ తెప్పించారు.
"పంపండమ్మా, పాపం, కుర్రాడికి కాలక్షేపం."
కాలక్షేపానికి కాలవగట్టు ఉందండి,
పనికైతే జీతం ఉంటుంది, అన్నాను.
ఆయన కప్పు కింద పెట్టేశారు.
నేనూ పెట్టేశాను.
చివరికి, సరే నెల్లాళ్ళు చూద్దాం, సగం కూలికి, అన్నారు.
ఆ రెండో సగం మీద
ఇప్పటికీ మా ఇద్దరికీ తగువే.

సాల్మన్‌కి పది దాటితే లెక్క రాదు.
ట్రేలో నలభై గుంటలు.
గుంట ఖాళీగా కనిపిస్తే సంచి పెట్టు,
కనిపించకపోతే ట్రే అయిపోయినట్టు.
నలభైతో మాకేం పని?
ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, మాగిన ఎరువు
సంచిలో కూరి, రెండు వేళ్ళతో తట్టి, చెవి ఆనించి వింటాడు.
లోపల బోలుగా ఉంటే గుమ్మరించి మళ్ళీ మొదలు.
"ఏంట్రా, ఏవైనా చెబుతోందా?" అని మేస్త్రీ నవ్వితే
"ఆయ్" అంటాడు.
పక్క వరసలో మూడు ట్రేలయ్యేసరికి వీడిది ఒకటిన్నర.
మరి వీడి ట్రేలో మొక్క
లారీ కుదుపుకి ఒరగదట.
ఈ మాట మేస్త్రీది, నాది కాదు.

ఆరో వారం నేను వెళ్ళలేదు.
ఎనిమిదిన్నరకి ఫోను, మీ కుర్రాడు దిగలేదండి.
తొమ్మిదికి. తొమ్మిదింపావుకి.
వాళ్ళమ్మ కరుణమ్మ ఏడవలేదు,
గొంతు బాగా తగ్గించి
"నేను ముందే చెప్పాను కదండీ" అంది.

రాజమండ్రి కాంప్లెక్సులో దొరికాడు.
బస్సంతా ఖాళీ అయిపోయినా
మూడో సీట్లోనే, ఎవరు దిగమన్నా దిగకుండా.
ఎర్రబోర్డు కనిపిస్తేనే దిగాలని చెప్పింది నేనే.
బుల్లబ్బాయి గారు ఆ ముందురోజు సాయంత్రం
బోర్డుకి ఆకుపచ్చ రంగు వేయించారు.

వాడు తప్పలేదు.
నేను బోర్డు నేర్పాను, ఊరు నేర్పలేదు.

మర్నాడు మళ్ళీ పక్కసీటు, మళ్ళీ మొదటి వారం.
పొట్టిలంక దాటి కాస్త దూరం పోయామో లేదో
వాడే లేచి నిలబడ్డాడు, కళ్ళు మూసుకుని.
ఏరా?
"పూలొచ్చాయి టీచర్."
కిటికీలోంచి
పూల మార్కెట్టు చామంతి, తడిసిన గోనెపట్టా,
నిన్నటి బంతి కుళ్ళు.
నాలుగు వారాలు ఇదే దారిన తిరిగాను,
నా ముక్కుకి అందలేదు.
దీనికెవరు రంగేస్తారు చూద్దాం.

గోదారి ఎర్రనీళ్ళు తిరిగాక ఓ రోజు
చెముడులంకలో అదే బస్సెక్కాను,
హైమావతి చెయ్యి పట్టుకుని.
కుడివైపు మూడో సీట్లో సాల్మన్.
నన్ను చూసి నవ్వలేదు. పనికెళ్ళే మనిషి మొహం.
హైమావతి రెండో మెట్టు మీద ఆగిపోయింది.
వెనకనుంచి జనం తోస్తున్నారు,
డ్రైవరు ఇంజను రొద పెంచాడు.

సాల్మన్ కిటికీ వైపు జరిగాడు.
పక్కన ఒక మనిషికి చోటు.

నేను వెనక సీటు వెతుక్కున్నాను.