మూడో చార

పాసులు మూడు.
రాజేశ్వరి మరిది హాల్ల మైకులు పెడతడు, వాడిచ్చిండు.
కొత్తవాడల మగ్గాలు ఆపి
ఎంత కడిగినా పోని నూలు దుమ్ము
చెవుల ఎనుక అట్లనే పెట్టుకొని
ఆటో ఎక్కినం హన్మకొండకు.

"సీన్మనా?" సారమ్మ అడిగింది.
"కాదు. మనుషులే అస్తరు."
"మనుషులను చూసుటానికి హన్మకొండ దాకనా?"
మోకాళ్లు ఒత్తుకుంటనే ఉన్నది, చౌరస్తా దాటేదాక.

హాల్ల సగం కుర్సీలకు ఈపు లేదు.
ముందట జడ్జీలు ముగ్గురు, పెన్ను మూతలు తీసి, చాయ తాగుతున్నరు.
మూడో గంట కొట్టిన్రు. చీకటి.
తెర నడుమ ఇరుక్కున్నది.
పక్క నుంచి ఒక చెయ్యచ్చి గుంజింది.
నాటకం నిజాం కాలంది,
చేతికి మాత్రం గడియారం ఉన్నది.

ఒక ముసలామె. పట్టా కాయితం కోసం
కచేరి చుట్టూ తిరుగుతది.
తలకు పౌడరు కొట్టుకున్న పడుసుపిల్లనే,
పుష్పలీల అని మైకుల చెప్పిన్రు.
నడుం వంచి నడుస్తాంటే
మా సారమ్మ తన నడుం సదురుకున్నది.

అప్పుడు చూసిన, కచేరిల పరిచిన శత్రంజిని.
ఎరుపు, నీలం,
మూడో చార తెలుపు.
తెలుపుల ఒక్క నీలం పోగు, తోవ తప్పినట్టు.
అది నాది.
పన్ను సలుపుతుంటే లవంగం కొరుక్కుంట నేసిన రాత్రి.
సేటు ఇరవై రూపాలు కోసిండు.

"మనదేనే," అన్న.
"ఏది?"
"కిందిది."
ఎనుక ఎవరో "ష్" అన్నరు.

పేష్కారు కాయితం చింపిండు.
ఆమె కూలింది,
చెంప మూడో చార మీద.
హాలంత ఆమె మొఖం చూస్తున్నది.
మేం ముగ్గురం ఆమె కింద చూస్తున్నం.
అక్కడ పీచు లేసి ఉంటదేమో, చెంపకు గుచ్చుతదేమో,
పంజ ఇంకో రెండు దెబ్బలు వేస్తే అయిపోవు.

సచ్చిపోయినామె పొట్ట ఎగుస్తున్నది, దిగుతున్నది.
సారమ్మ కొంగు అడ్డం పెట్టుకొని ఏడుస్తున్నది.
"బతికే ఉన్నదే," అన్న చెవుల.
"నాకెరుకే తీ," అని ఇంకింత ఏడ్చింది.
జడ్జీలు ఏదో రాసుకున్నరు.
ఏడ్పుకు ఎన్ని మార్కులో.

బయట మిర్చిబండి కాడ
తెల్లజుట్టుతోనే నిలవడ్డది పుష్పలీల,
ఉల్లిగడ్డ ఇంకిన్ని ఏయమంటున్నది.
చెంప మీద సన్నటి అచ్చు, నేత అచ్చు.
చెప్పాల్ననుకున్న. నోటికి రాలే.
"పడ్డప్పుడు దెబ్బ తాకిందా బిడ్డా?"
"రోజు సిమెంటు మీద పడుడేనక్కా,
ఇయ్యాల ఏందో మెత్తగున్నది."
మిర్చి ఊదుకుంట పోయింది.

ఇంటికే పోతున్నం. కరీమాబాద్ మలుపుల
మద్దెల వినవడ్డది.
చిందోళ్ల ఆట. ఇద్దరు పట్టుకున్న దోతే తెర.
దాని ఎనుక రాణి పిల్లకు పాలిస్తున్నది,
పాలు తాగుకుంటనే పిల్ల కిరీటం అద్దాలు పీకుతున్నది.
ఇక్కడ కింద ఏం పరవలే.
గజ్జెలు మట్టిల్నే దుంకుతున్నయి,
యూరియా సంచుల మీద మేం.

కత్తి ఎత్తిన రాజు ఎత్తినట్టే ఆగి
చిట్టీ చదువుతడు:
"తాపీమేస్త్రి కొండాలు యాభై రూపాలు..."
మల్ల కత్తి.
సారమ్మ కొంగు ముడి ఇప్పింది.
"కొత్తవాడ సారమ్మ గారు పది రూపాలు!"
మైకుల తన పేరు.
ఇన్నేండ్లు రేషన్ దుకాణంల తప్ప
ఎవ్వలు గట్టిగ పిలువని పేరు.
గారు.
పైకి చూడలే ఆమె, సంచి కుట్లు పీక్కుంట కూసున్నది.

రాజు సచ్చేసరికి నాలుగైంది.
నడుసుకుంటనే వచ్చినం.
"మోకాళ్లెట్లున్నయే?"
"ఏ మోకాళ్లు?"

పొద్దున మగ్గం గుంతల కాళ్లు పెట్టిన.
కండ్లల్ల ఇసుక పోసినట్టున్నది.
ఎరుపయ్యింది. నీలమయ్యింది.
తెలుపు అందుకున్న.
సేటు ఫోన్ల మాట్లాడుతున్నడు, ఇటు చూస్తలేడు.
పక్కనే నీలం కండె.
ఒక్క పోగు
జారనియ్యాల్నా, అద్దా?
పంజ చేతుల పట్టుకొని
ఇంకా అట్లనే ఉన్న.