ఎడమ చెయ్యి జర వదులు

శుక్రవారం రాత్రి బొందివాగు
హంటర్ రోడ్డు దాటి నా దుకాణంల కాలు పెట్టింది.
పై అరల ఉన్న జాకెట్లను ముట్టలే.
కింద డబ్బాల ఉన్న చీటీల సిరా మొత్తం తాగిపోయింది.

తెల్లారి కూసున్న. ఐదు జాకెట్లు. ఐదుగురు మనుషులు.
పేర్లు యాదికున్నయి: కొమురమ్మ, తాహెరా, నీలవేణి,
సారక్క, స్వరూప టీచర్.
ఎవలిది ఏదో యాదికి లేదు.
శ్రావణం ముంగట దినాం ఇరవై మందిని కొలిచే చేతికి
బట్ట రంగు మిగులుతదా?

ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే
"సుగుణకు మతిమరుపొచ్చింది" అని
కాశిబుగ్గ దాక పోతది మాట.
పాత కుట్టు విప్పినట్టు విప్పుకుంట పోదామనుకున్న,
ఒక్క కొస దొరికితే చాలు.

ఊదాది నలభై రెండు. దీనికి బుద్ధితోటి పనే లేదు,
కొమురమ్మ పక్కకు జరిగితేనే నా తలుపు కనబడతది.

పసుపుదానికి వెనుక హుక్కులు.
అంటే పెట్టేటందుకు ఇంట్ల ఇంకో మనిషి ఉండాలె.
సారక్క ఒక్కతే ఉంటది. టీచర్ గూడ ఒక్కతే.
తాహెరా మోచేయి కనబడేది తొడగదు; దీని చేతులు పొట్టియి.
మిగిలింది నీలవేణి, నలుగురు అక్కచెల్లెండ్లల మూడోది.
పసుపుదాన్ని పక్కకు పెట్టిన. చాయ్ తాగిన.

మోచేయి దాటినవి రెండు: ఎర్రది, ఆకుపచ్చది.
ఈడ ఆగిపోయిన, సూదిల దారం ఎక్కనట్టు.
అద్దాలు తుడుచుకొని కుట్టు తిరగేసి చూసిన.
ఆకుపచ్చదాని కుట్లు బియ్యపు గింజలంత ఉన్నయి.
అవి మా అత్త తొక్కుడు మిషన్‌వి.
మోటరు మిషన్ అయితే గసాలు పోసినట్టు కుడతది.
నేనేమో ఏనాటి బట్ట ఆనాడే కుట్టేదాన్ని.
గురువారం ట్రాన్స్‌ఫార్మర్ కాలి
అర్ధరాత్రి దాక కరెంటు లేకుండె.
"రేపు జుమ్మా, ఎల్లుండి వస్త" అన్నది తాహెరా,
అంటే గురువారమే గద. ఆకుపచ్చ ఆమెది.

ఇగ ఎర్రది, తెల్లది. సారక్క, టీచర్.
రెండూ ముప్పై ఆరే. రెంటికీ ముందటనే హుక్కులు.
తెలుపు టీచర్‌దే అని నోటి దాక వచ్చింది.
కని అనిపించుడు వేరు, తేలుడు వేరు.
ఎర్రదాన్ని ముక్కు కాడ పెట్టుకున్న.
రెండు తుమ్ములు, కండ్లెంబడి నీళ్లు.
ఎనుమాముల యార్డుల మిర్చి ఊడ్చే మనిషి మూటల
వచ్చిన బట్ట ఇది.

అయిపోయింది. నా వీపు నేనే తట్టుకున్న.
తెల్లదాన్ని మడత పెడుతుంటె
ఎడమ చెయ్యి కుడిదానికంటె అంగుళం వెడల్పు.
కుట్టు తిరగేస్తె బియ్యపు గింజలు.

అప్పుడు యాదికొచ్చింది.
"ఎడమ చెయ్యి జర వదులు పెట్టు సుగుణా,
దోమ కుట్టి వాచింది" అన్నది.
టేపు చుట్టినప్పుడు నా వేలు కింద
సన్నగ ఒక మోత, ఆగకుంట.
మోటరు బందు చెయ్యలేదేమో అనుకున్న.

గురువారం. కరెంటే లేదు.

మరి మోగింది ఏంది?

మా చిన్నబాపు చెయ్యి గట్లనే మోగేది.
ఎంజీఎంల వారానికి రెండుమాట్లు రక్తం కడిగే రోజులల్ల
నరానికి నరం కలిపి కుట్టిన్రు.
పట్టుకుంటె పిడికిట్ల తేనెటీగ ఉన్నట్టుండేది.

ఐదు జాకెట్లకు ఐదు జవాబులే అడిగిన నేను.
ఇది అడగలే.

తెల్లదాని ఎడమ చంక మళ్లీ విప్పి
మిగిలిన ముక్కతోటి లోపల ఇంకో అంగుళం దాచి కుట్టిన.
ఎన్నడన్న అక్కరపడితే దారం తెంపితే చాలు.

పొద్దుగూకినంక టీచర్ వచ్చింది.
"వాగు వచ్చిందట గద, ఒకదాంట్ల ఒకటి కలిసిపోలేదా?"
"లేదు టీచర్. లెక్క తేలింది."
పైసలిచ్చి, పరీక్ష పేపర్ల సంచికి ఎడమ చెయ్యి చాపింది.
నేను లేచి అటు తిరిగి పోయి
కుడి భుజానికి తగిలించిన.
ఒక గడియ నన్ను చూసింది.
ఏం అడగలే.