షిఫ్టుకి జానెడు

మూడు కొటేషన్లు వచ్చాయి.
నట్లు పోసుకునే రేకు డబ్బా కింద పెట్టాను,
లేకపోతే యారాడ కొండ దాటి వచ్చే గాలి
ఆటోనగర్ అంతా పంచిపెట్టేస్తుంది వాటిని.

ఒకటి ఆరు పెన్నులది.
ఒకటి పన్నెండు చుక్కలది, చుక్క చుక్కకీ రంగు మారుస్తుంది.
మూడోదానికి కాగితమే లేదు.
అద్దం మీద గీతలు నడుస్తాయి,
వేలితో తోస్తే నిన్నటికి వెళ్తాయి.

శశిభూషణ్ అని, కంపెనీ కుర్రాడు,
పసిపిల్లని దించినట్టు దాన్ని బల్ల మీద దించాడు.
"ఇంకు ఎండదు మేడమ్, కాగితం చిరగదు,
పదేళ్ల రికార్డు గోరంత కార్డులో."
నిజమే.
మా పాతదాని ఎర్ర పెన్ను జూన్ నెలంతా మొరాయిస్తుంది.
ఉప్పుగాలికి రోలరు తుప్పు,
చెమ్మకి కాగితం మెత్తబడ్డ అప్పడం.

అడగాల్సినవి అడిగాను.
పన్నెండు థర్మోకపుల్స్ మాట ఒకేసారి వింటుందా,
పక్కనే వెల్డింగ్ సెట్టు చిటపటలాడుతుంటే
చెవి చెదరదా,
దుమ్ము దూరకుండా తలుపుకి రబ్బరుందా,
క్యాలిబ్రేషన్ ఎన్నాళ్లకి, ఎవరు, ఎంతకి.
అన్నిటికీ అతని దగ్గర జవాబుంది.
టీ చల్లారింది.

మా ఫర్నేసు సంగతి చెప్పాలి.
అతుకు వేసిన ఇనుము లోపల
కంటికి కనపడని బిగువు ఒకటి ఉండిపోతుంది.
అది వదలాలంటే
మెల్లగా ఆరువందల ఇరవైకి తీసుకెళ్లి,
అక్కడ కూర్చోబెట్టి,
మళ్లీ అంత మెల్లగానూ దింపాలి.
ఆ నెమ్మదికి సాక్ష్యం చార్టు ఒక్కటే.
గంటకి ఇరవై అయిదు మిల్లీమీటర్ల నడక దానిది,
ఎనిమిది గంటల షిఫ్టు సరిగ్గా నా జానెడు.
ఇన్‌స్పెక్టరు ఆ జానలు కొలిచి సంతకం పెడతాడు.

కాండ్రేగుల వరహాలు ఇరవై రెండేళ్లు దాని పక్కన కూర్చున్నాడు,
నీలం డ్రమ్ము మీద, గోనె మడతేసుకుని.
గీత వంగకముందే బర్నరు వంక చూసేవాడు.
ఎలా తెలిసిందంటే
"పెన్ను సప్పుడు మారినాది" అనేవాడు.

ఒక అక్టోబరు, తుపాను రాత్రి,
షీలానగర్ వైపు వైర్లు తెగాయి.
బ్లోయరు ఆగింది, కాగితమూ ఆగింది.
రెండు గంటల పది నిమిషాలు
ఒక్క అడ్డగీతలో ఇరుక్కుపోయాయి,
ఆరువందల ఇరవై నుంచి నాలుగువందల ఎనభైకి,
మధ్యలో ఏమీ జరగనట్టు.

ఆ గీత పక్కన బాల్‌పెన్నుతో,
పళ్లతో టార్చి పట్టుకు రాసిన వంకర అక్షరాలు:
"కరెంటు పోనాది.
నాను ఇక్కడే ఉన్నాను.
పది నిమిషాలకోపాలి సూసినాను."
కింద పదమూడు అంకెలు,
చేతి మీటరు చూసి వేసినవి.

ఇన్‌స్పెక్టరు చాలాసేపు చదివాడు.
ఒప్పుకోలేదు.
మొత్తం మళ్లీ కాల్చాం, ఆయిలు ఖర్చు మాదే.
"ఆయన పని ఆయన సేసినాడు" అని
వరహాలు గోనె దులుపుకున్నాడు.
ఆ ముక్క ఫైల్లో ఉండాలి.
నా సొరుగులో ఉంది.

అందుకని శశిభూషణ్‌ని ఇంకోటి అడిగాను:
కరెంటు పోతే?
"బ్యాటరీ ఉంది మేడమ్, నాలుగు గంటలు రాస్తూనే ఉంటుంది."
మంచిది.
మనిషి ఏమైనా రాయాలంటే?
అతను మెనూలో వెతికాడు. ఫోన్ చేశాడు. మళ్లీ వెతికాడు.
"ఇరవై నాలుగు అక్షరాలు కొట్టొచ్చు మేడమ్.
ఇంగ్లీషులో."

ఆర్డరు దానికే పెట్టాను.
పన్నెండు ఛానెళ్లు, బ్యాటరీ, రబ్బరు తలుపు.
ఎర్ర పెన్ను గోల ఇంక పడలేను.
ఆ డ్రమ్ము మీద ఇప్పుడు కూర్చునేది బొడ్డేటి నూకరత్నం,
మొన్న జూలైలో చేరింది,
పాత పెన్ను చప్పుడు ఇంకా చెవికెక్కలేదు పాపం.

సాయంత్రం స్టోర్సుకి చిన్న ఇండెంటు ఒకటి రాశాను:
రూళ్ల నోటుబుక్కు ఒకటి,
బాల్‌పెన్ను ఒకటి,
ప్యానెలుకి కట్టడానికి మూరెడు పురికొస.
'కారణం' అనే గడి దగ్గర చెయ్యి ఆగింది.
కాసేపు ఫ్యాను చప్పుడు విన్నాను.
"కరెంటు" అని రాసి
సంతకం పెట్టాను.