గాలం ధర

ఒక్కో ఫారానికి నలభై రూపాయలు.
సైకాలజీ డిపార్ట్‌మెంట్ మెట్ల మీద
సారు రెండంటే రెండు ముక్కలు చెప్పారు:
ముందు లెక్క అడుగు, తర్వాత దేశం అడుగు.
నీ ముఖంలో మాత్రం ఏదీ కనపడనీకు.

లెక్క ఇది.
వల, గాలం కలిపి పదకొండు వందలు.
గాలం కన్నా వల వెయ్యి ఎక్కువ.
గాలం ఎంత?

నాలుక మీదికి ముందుగా వచ్చేది వంద.
అది తప్పు.
ఆ తప్పు దగ్గర ఎవరు ఆగుతారు, ఎవరు దాటిపోతారు
అన్నదే మా సారు పదేళ్ళుగా తవ్వుతున్న నుయ్యి.

దేశం ప్రశ్న ఇంకా సులువు.
'ప్రపంచంలోని అన్ని దేశాల కన్నా మన దేశమే గొప్పది.'
ఐదు గడులు. ఒకదాంట్లో టిక్కు.

బీచ్ రోడ్డులో, ఒడ్డెక్కిన జలాంతర్గామి నీడన
మురీ మిక్చరు కలిపే కుర్రాడు
"వంద. మనమే" అన్నాడు,
రెండూ ఒక్క ఊపిరిలో, ఉల్లిపాయ తరగడం ఆపకుండా.
ఏయే దేశాలు తెలుసు తమ్ముడూ అంటే
అరకు దాకా వెళ్ళానన్నాడు.
నవ్వొచ్చింది. ఫారంలో నవ్వుకు గడి లేదు.

ఎం.వి.పి. కాలనీ, మూడో అంతస్తు.
పేడాడ పరశురాం గారు, షిప్‌యార్డులో ముప్ఫై నాలుగేళ్ళు.
నేను ప్రశ్న ముగించకముందే "యాభై" అన్నారు.
దేశానికి మాత్రం ఐదో గడే.
కారణాలు నేనడగలేదు. ఆయనే చెప్పారు,
పదిహేడు, నంబర్లు వేసి,
ఓడ అడుగున వెల్డింగులా ఎక్కడా చుక్క నీరు చొరకుండా.
పన్నెండో కారణం దగ్గర నా కాఫీ చల్లారింది.
ఆగి ఆలోచించేవాళ్ళకి అనుమానం ఎక్కువని
సారు బోర్డు మీద గీసిన బాణం
ఆ బాల్కనీలో వంగిపోయింది.
బాగా ఆలోచించగలవాడు
ఎప్పుడో కట్టేసిన గోడకి
బాగా సున్నం కూడా వేయగలడు.

ఫిషింగ్ హార్బరు. ఐసు పొడి, డీజిలు, ఎండ.
చోడిపిల్లి ఎల్లాజీ వల కుడుతూ లెక్క విన్నాడు.
సూది ఆగింది.
పెదాలు కదిలాయి. చాలాసేపు.
"యాభై గావాల. గానీ ఆ ధరకి గాలం ఎవుడు కొంతాడు?"

దేశం అడిగాను.
జవాబు చెప్పకుండా జైలు కబురు చెప్పాడు.
ఇంజను చెడి, గాలి తోసి,
బంగ్లాదేశ్ నీళ్ళలోకి కొట్టుకుపోయి
అయిదు నెలలు.
అక్కడి వార్డరొకడు ఓ రోజు
ఆవపిండి పట్టించిన చేప ముక్క పెట్టి
మా పద్మ చేపని మించింది భూమ్మీద లేదన్నాడట.

"మన పులస ముందు అదెంత!" అన్నాను.
"పుస్తెలమ్మైనా తినాల్సింది మనది కదా!"

నోట్లోంచి జారాక విన్నాను ఆ గొంతుని.
మురీ కుర్రాడి వేగం.
పద్మ చేప నేనెప్పుడూ తినలేదు.
ఆ మాటకొస్తే పులసైనా ఒక్కసారే,
రాజమండ్రి మేనత్త ఇంట్లో, తోక ముక్క.

ఎల్లాజీ నా వైపు చూళ్ళేదు.
"సంద్రంలో ఉన్నంతసేపు ఇలస అంతాం.
గోదారెక్కితే పులస. ఆళ్ళ ఏరెక్కితే ఆళ్ళ పేరు.
సేప ఒకటే. ఎదురీదితే రుసొస్తాది."
దారం పంటితో తెంపాడు.
"వార్డరు మంచోడే. వొండడం రాదు."
కాసేపాగి, గెడ్డం గోక్కుని
"గానీ ఇదొకటి రాసుకో. తెప్ప నడపడంలో
మా పెదజాలారిపేటోళ్ళని మించినోడు
ఈ కోస్తాలోనే లేడు."

ఏ గడిలో టిక్కు పెట్టమంటావని అడిగితే
"నీకేది గావాలో అదెట్టుకోయమ్మా,
నీ డబ్బులు నీకు రావాల గదా" అన్నాడు.

రాత్రి హాస్టల్లో నా పేరు మీద ఒక ఫారం తీశాను.
గాలం ధర నాకు ముందే తెలుసు, ఆ లెక్క చెల్లదు.
రెండో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది.
ఐదో గడి మీద కాదు, ఒకటో గడి మీద కాదు,
వాటి మధ్య సన్నటి తెల్ల కాగితం మీద.

ఆగడం జవాబు కాదంటారు సారు.
ఖాళీ గడికి నలభై రూపాయలు రావు.