తెర లాగినోడి లెక్క

చిత్తూర్లో నాటకాల కొట్టం తాళం తీసిన పొద్దు
ఇంజనీరు పిల్ల తబస్సుమ్ నన్నడిగింది:
"తాతా, ఈ హాల్లోకి గాలి ఏ పక్కనించి వచ్చేది?"

ముప్పై ఏండ్లు తెర లాగినోణ్ణి.
ఏ పద్యం ఏడ విరస్తారో, రాగం ఎంతసేపు తీస్తారో
నిద్రలో లేపి అడిగినా చెప్తా.
గాలి లెక్క నన్నెవరడిగినారు?

కండ్లు మూసుకున్నా.
నేలక్లాసులో నూరు బీడీలు.
ఆ పొగ దక్షిణం గోడ కాడ లేచి,
రాజేషగాడి కిరీటం ఎత్తులో ఒకసారి ఆగి,
ఈశాన్యం మూల, దూలం కింద
జాలీలో దూరి పోయేది.
నాలుగో అంకం పొద్దుకి
తెర బుగ్గలు పూరించేది.
"రాసుకోమ్మా" అన్నా.
రాసుకునింది.

జాలీ యాడుండాది ఇప్పుడు?
ఏసీ పెట్టిన ఏడు వరదరాజులు శెట్టి
ఇటికెలతో పూడ్పించినాడు,
గాలికి టికెట్టు లేదని గెంటేసినట్టు.
ఏసీ నాలుగేండ్లు చల్లంగుండి
ఆనక ఉత్త రొదయింది.
పద్యం వినబడక జనం లేచిపోయినారు.

పగలగొట్టద్దు, ఎంచి పేర్చండంటాది తబస్సుమ్.
పాత ఇటికె, పాత టేకు, పాత పెంకు
పేర్లు పిలిచినట్టు వరసలో ఉండాయి.
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ పారబోసే టెంకల పొట్టు
గోడ పలకల్లోకి పోతా ఉండాది,
గొంతు మారుమోగకుండా.
చెంగమ్మ గానుగలో సున్నం తిప్పతా
కరక్కాయ నీళ్లు, బెల్లం పోస్తాది.
"నాకీని బెల్లం గోడకా!" అని మనవడు అలిగినాడు.

బెంచీల మీద చెక్కిన పేర్లు చెరపద్దన్నారు.
మూడో వరసలో 'మునిలక్ష్మి' అని ఉండాది.
చెక్కింది ఎవరో నాకు తెలుసు.
చెప్పను.

స్టేజీ కింద వాననీళ్ల తొట్టి తవ్వినారు.
ఆ కాలంలో పెంకుల మీద వాన మొదలైతే
ఆర్మోనియం గోవిందసామి చేతులు కట్టుకోని కూచునేవాడు,
ఎదుటి పాత్ర పాట అయ్యేదాకా ఆగినట్టు.
ఇంకమీద ఆ వాన
ఆడేవాళ్ల కాళ్ల కిందే కాపరముంటాది.

సూర్యుడి పలకలు ఇంకా బిగించలేదు.
నిన్న సాయంత్రం జాలీలో కడా ఇటికె తీసినారు.
పిచికగూడు, రెండణాల టికెట్టు ముక్క,
దుమ్ము.
నేను జేబులో చెయ్యి పెట్టినా.
"సైటులో బీడీ కాల్చద్దు తాతా."
"కాల్చేదానికి కాదుమ్మా, అడిగేదానికి."

పొగ లేచింది.
బయట ఆటో హారను మోగినా కదల్లేదు,
కిరీటం ఎత్తులో ఆగింది.
తబస్సుమ్ ఊపిరి బిగబట్టింది.
ఆనక మెల్లంగా
ఈశాన్యం తిరిగింది.