నీళ్లు తిన్న పద్దు

బళ్లారి చౌరస్తా కాడ కొత్తగా పెద్దంగడి తెరిచినారు.
మా ఆయన కరపత్రం తెచ్చి పొయ్యిగట్టు మీద పరిచి
వేలు పెట్టి చూపిస్తాడు:
కందిబేళ్లు కిలోకి పదిహేడు తక్కువ,
చెనిక్కాయ నూనె రెండు ప్యాకెట్లకి ఒక సబ్బు ఊరికే.
నెలకి నాలుగు నూర్లు మిగుల్తాదంట.
ఆయన లెక్క తప్పు కాదు.
కాగితం వెనకపక్క పెన్సిలుతో కూడి
ఆటోకి నలభై తీసేసి మరీ చెప్తాడు.
"లెక్క చేదయిందా నీకు?" అంటాడు.

నేను సంచి తీసుకోని చిత్తారిగేరిలోకే పోతా.

నాగశేషయ్య శెట్టి అంగడి గురించి
గొప్పలు చెప్పేదానికేం లేదు.
బొరుగుల్లో అప్పుడప్పుడు మట్టిగడ్డ.
బెల్లమ్మీద చీమలు. వాటిని ఊదుతాడు గానీ చంపడు.
తక్కెడ ముల్లు ఆగకముందే పొట్లం కట్టేస్తాడు.
చిల్లర అడిగితే చాక్లెట్టు చేతిలో పెడతాడు.
అక్కా, అమ్మా అని వరస కలిపి మాట్లాడేది కూడా
రాదాయనకి.
"ఏం కావల్ల?"
అంతే.

ఆ యేడు అక్టోబర్లో
తుంగభద్ర ఒక దిక్కు, హంద్రీ ఒక దిక్కు
ఊరిని చెరొక చెయ్యి పట్టి లాగినప్పుడు
మేము మూడు దినాలు మిద్దె మీద.
నీళ్లు తీసినాక గేరంతా మోకాటి లోతు బురద.
శెట్టి అంగట్లో మొలకలెత్తిన పెసలు,
కారంతో కలిసిపోయిన చక్కెర,
పగిలిన మూటల్లో
వండకుండానే ఉబ్బిన బియ్యం.
ఆయన వాకిట్లో మంచమేసి
ఖాతా పుస్తకం ఎండబెట్టుకుంటా ఉన్యాడు.
ఏ పుట విప్పినా నీలం నీళ్లు.
పేర్లు లేవు. అంకెలు లేవు.

వారం పోయినాక కొత్త పుస్తకం తెచ్చి
వచ్చినోళ్లని వచ్చినట్టు అడిగినాడు:
"నీ బాకీ ఎంతో నువ్వే చెప్పు."
మస్తాన్ బీ పైసలతో సహా చెప్పింది.
రిక్షా దస్తగిరి, యాడన్నా మర్చిపోయింటానేమో అని,
యాభై ఎక్కువే కలిపి చెప్పినాడు.
నా వంతొచ్చింది.

వెయ్యిన్నీ రెండు నూర్ల నలభై.
చంటిదాని పాలపొడి, ఆషాఢం నించి బియ్యం,
కిరసనాయిలు, వక్కపొడి,
అంతా నాకు నోటికొచ్చు.
ఇంట్లో బురద ఎత్తిపోసేదానికి పార కూడా లేదు.
గిన్నెలు ఏ వీధిలో తేలినాయో తెలీదు.
ఇవన్నీ ఇప్పుడు అనుకుంటాండ గానీ
అప్పుడేమీ అనుకోలేదు.
"నాలుగు నూర్లు" అన్నా.

శెట్టి పెన్ను ఆగింది.
ఎంతసేపని చెప్పలేను.
తక్కెడ ముల్లు ఆగేదాకా ఎన్నడూ చూడని మనిషి
ఆ పొద్దు నా మొగం చూస్తా
ఆగినాడు.
తర్వాత రాసుకున్యాడు. నాలుగు నూర్లు.
కింద గీత గీసి
"బొరుగులు రేపొస్తాయి, కావల్నా?" అన్నాడు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలే, మా ఆయనకి కూడా.
తీర్చనూ లేదు.
తీర్చాలంటే ముందు నోరిప్పాల కదా.

పెద్దంగడి తెరిచి ఇది మూడో నెల.
నెలకి నాలుగు నూర్లు పొరపాటున పారేస్తాండానని
మా ఆయన గొణుగుతా ఉంటాడు.
ఎనిమిది నూర్ల నలభై
ఎన్ని నెల్లకి తీరుతాదో ఆయన్నడిగితే
పెన్సిలు కూడా తియ్యకుండా చెప్తాడు.
అడగలేదు.
నాకూ వచ్చు ఆ మాత్రం.

ఈ పొద్దు గేరి మొగదాల
ఆటో పిల్లోడు "చౌరస్తా, చౌరస్తా" అని అరుస్తాన్నాడు.
ఒకే సీటు ఖాళీ, నాకోసమే అన్నట్టు
కాలు ముడుచుకోని జాగా చూపించినాడు.
సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్యా.

"ఏం కావల్ల?"
"బేళ్లు, కిలో."
ముల్లు ఇంకా ఊగుతానే ఉంది,
పొట్లం కట్టేసినాడు.
నేను అటు చూడలే.