తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి

రోజూ పొద్దున ఎనిమిదీ నలభైకి
మెట్రోలో ఒకావిడ గొంతు
ముందు తమిళంలో, తర్వాత ఇంగ్లీషులో
నీ అకాడమీ పేరు చెబుతుంది.
తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి.
ఎవరెవరో దిగుతారు.
నేను దిగను.

ఆఫీసులో సెల్వకుమార్ నవ్వుతాడు,
"ఒకే ఊళ్ళో ఉండి ఏం విరహంరా నీది,
నా పెళ్ళాం మస్కట్‌లో ఉంది" అని.
నిజమే. లెక్క నాకూ తెలుసు.
మా మీనంబాక్కం గది నుంచి మీ గేటు దాకా
ఆటోవాడు మోసం చేసినా నూట ఇరవై.
ఆ నూట ఇరవై రూపాయల దారి
నలభై తొమ్మిది వారాలు.
ఇది పదిహేడోది.

చేరే ముందురోజు ఆదంబాక్కం పార్లర్లో
జుట్టు కత్తిరించుకున్నావు.
రబ్బరుబ్యాండు తీయకుండానే జడని
చీరల షాపు కవర్లో పెట్టి నా చేతికిచ్చావు,
"అమ్మకి చెప్పకు, ఎక్కడైనా పెట్టు" అని.
ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తెలీదు.
బీరువాలో ఉంటే చొక్కా తీసినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను.
బియ్యం డబ్బా వెనక పెడితే
వంటకొచ్చే కస్తూరి "పాంబు!" అని కేకేసింది.
ఇప్పుడు గ్యాసు పుస్తకం, అద్దె అగ్రిమెంటు, నీ జడ
ఒకే సూట్‌కేసులో,
పోగొట్టుకోకూడని కాగితాల్లాగా.

అక్కడ నిన్ను ఇంటిపేరుతోనే పిలుస్తారట.
కొండేపూడీ అంటే నువ్వే పరిగెత్తాలట.
సుమేధ అన్న మూడక్షరాలు
ఈ ఊళ్ళో ప్రస్తుతం వాడకంలో లేవు.
తుప్పు పట్టకుండా
కుక్కరు కూత వేసేటప్పుడు
ఒకసారి పైకి అంటుంటాను.
పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకుంటుందా అని
గూడూరు నుంచి మా అమ్మ అడిగింది.
చొక్కా మీద ఎక్కించేశారమ్మా, అన్నాను.

ఉత్తరం రాశావు.
తిప్పి తిప్పి చూశాను, వెనకవైపు కూడా.
ప్రేమ అని ఎక్కడా లేదు.
సేఫ్టీ పిన్నులు ఆరు డజన్లు,
నల్ల పాలిష్ నాలుగు డబ్బాలు,
బొబ్బలకి టేపు, వెడల్పుది, సన్నది వద్దు.
"వెడల్పుది" కింద రెండు గీతలు.
ఆ రెండు గీతల్నీ చాలాసేపు చదివాను.

కార్తీకం వానలు పట్టుకున్నాయి.
వీధిలో అందరూ పాలపాకెట్ల కోసం, కరెంటు కోసం కంగారుపడుతుంటే
నేను నీ ఎడమకాలి ఎముక గురించి కంగారుపడతాను.
వెంట్రుకవాసి చీలిక వచ్చినా
ఆరు నెలలు వెనక్కి నెడతారన్నావు కదా.
యుద్ధమంటే భయం లేదని కాదు.
నా భయం ఇంకా అంత దూరం నడవలేదు.
ప్రస్తుతానికి
నీ మోకాలి కిందే ఆగి ఉంది.

తెల్లవారుజామున నాలుగున్నరకి మెలకువొస్తుంది.
బ్యూగిల్ అంటాను నేను.
దుబాయి విమానం అంటాడు పక్క గది కుర్రాడు.
ఏదైతేనేం, లేచి కూర్చుంటాను.
నువ్వు చెప్పినట్టే దూదీ చన్నీళ్ళూ పెట్టి
బూట్లు రుద్దుతాను.
ముఖం కనబడేదాకా రుద్దమన్నావు.
కనబడింది.
నాదే.

ఆదివారం పది నిమిషాలు ఫోను.
అరిచి అరిచి నీ గొంతు బొంగురుపోయింది.
మొదట ఎవరో అనుకుని "చెప్పండి" అన్నాను.
వారమంతా కూడబెట్టిన కబుర్లు
ఒక్కొక్కటే నీ ముందు పెట్టాను,
వాన, కస్తూరి, పాము, బూట్లు.
ఊఁ అన్నావు.
ఊఁ అన్నావు.
ఆరో నిమిషంలో ఊఁ రాలేదు.

నిద్రపోయావు.
నేను పెట్టేయలేదు.
మేడమెట్ల మీద కూర్చుని
మిగతా నాలుగు నిమిషాలూ విన్నాను.
కింద ఎవరో బండి స్టార్ట్ చేయబోతుంటే
ఆగమని చెయ్యెత్తాను.
ఎందుకో, ఏమీ అడక్కుండా ఆగాడు.
తర్వాత ఈల వినబడింది, కొండేపూడీ అని ఒక కేక.
నిద్రలోంచే
"యెస్ మేడమ్" అన్నావు.

సోమవారం
ఎడమవైపు తలుపుకి ఆనుకుని నిలబడ్డాను.
దిగేవాళ్ళకి దారివ్వమని
ఎవరో తమిళంలో విసుక్కున్నారు.
ఇచ్చాను.